పందెపు గుర్రం, మా అత్త బర్రె

మా ఆయన మందుల పెట్టె తెస్తానని పట్నం పోయి, గుర్రంతో తిరిగివచ్చాడు.

పోయింది బస్సులో. వచ్చేది కూడా బస్సులోనే అనుకొని నేనూ మా అత్తా రోజూ ఎదురుచూశాం. వారం దాటింది, జాడ లేదు. చివరికి ఒక సాయంత్రం సూర్యాపేట బాట మీద నడిచి వస్తూ కనిపించాడు. గడ్డం పెరిగింది, చెప్పులు తెగి చేతికెక్కాయి, ముఖమంతా ఎర్రదుమ్ము. రెండో చేతిలో తాడు, ఆ తాడు కొసన ఒక ఎర్ర గుర్రం. నొసటి మీద తెల్లచార, సన్నని పొడుగు కాళ్ళు. ముందుకాళ్ళలో ఒకదానికి పాతగుడ్డతో కట్టు కట్టి ఉంది.

"గుర్రం పెట్టుకొని నడిచి వచ్చినవా?" అన్నాను.

"దాని కాలు బాగలేదు. ఎట్లెక్కుత?" అన్నాడు.

అవి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మేము హుజూర్‌నగర్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన పశువుల దవాఖానలో కంపౌండరు. నేను మిషన్ బడిలో చిన్న తరగతులకు చదువు చెప్పేదాన్ని. మాకు పెళ్ళయి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. మా ఇరువైపుల వాళ్ళకూ అంతకుముందు గుంటెడు భూమి లేదు. మిషన్ వాళ్ళ పుణ్యమా అని మా ఇద్దరికీ నాలుగు అక్షరాలు వచ్చి, నెలజీతాలు వచ్చాయి. ఊరి చివర పెద్ద దొడ్డి ఉన్న పెంకుటిల్లు కిరాయికి దొరికింది. ఆ దొడ్డిలో అప్పటిదాకా మా అత్త బర్రె ఒక్కటే ఉండేది.

సర్కారు నౌకరీ రాకముందు మా ఆయన పట్నంలో మలక్‌పేటలో ఒక నవాబుగారి గుర్రపుశాలలో మందులు కలిపేవాడు. పందెపు గుర్రాల మధ్య కొన్నేళ్ళు గడిపినవాడు కాబట్టి, పట్నం పోయినప్పుడల్లా అటొకసారి పోయి చూసి రావడం అలవాటు. ఈసారి పోయేసరికి ఈ ఆడగుర్రం మోకాలి కింద నరం వాచి, ఇక పందేనికి పనికిరాదని ఒక మూలకు కట్టేసి ఉంది. మర్నాడు టాంగావాడొకడు వచ్చి తోలుకుపోతాడట. మా ఆయనకు మనసొప్పలేదు. ఆ కాలుతో టాంగా లాగితే నెల తిరగకుండానే రోడ్డు మీద పడిపోతుందని నవాబుగారితో అన్నాడట. "దాని మీద నీకంత పావురముంటే నువ్వే తీస్కపో" అన్నాడట ఆయన. ఈయన నిజంగానే తీసుకువచ్చాడు.

ఇదంతా వాకిట్లో నిలబడి చెబుతుంటే మా అత్త చాటలో జొన్నలు పట్టుకొని అట్లాగే చూస్తూ ఉండిపోయింది.

"ఏందిది?" అన్నది చివరికి.

"గుర్రమమ్మా."

"గుర్రమని నాగ్గూడ కనవడ్తాంది. మనింటికెందుకొచ్చిందంటున్న. బండి గడ్తవా? నాగలి గడ్తవా?"

"కాలు నయమైనంక ఎక్కి తిరుగుదమని."

"ఎక్కి యాడికి వోతవు?"

"యాడికని లేదు. ఊరికె."

మా అత్త చాట తీసుకొని లోపలికి పోయింది. ఆ రాత్రి కొడుకుకు అన్నం పెట్టింది కాని మాట్లాడలేదు.

ఆమెకు గుర్రమంటే ఎందుకంత మంటో అప్పటికి నాకు తెలియదు. మర్నాడు పొద్దున రొట్టెలు చేస్తూ తనే చెప్పింది. ఆమె పుట్టిన ఊరు మూసీ అవతల, మాకు ఒక పూట ప్రయాణం. ఆ ఊరి దొర కోటలాంటి గడిలో గుర్రాలుండేవి. వాటికి గడ్డి కోసి వేయడం ఆమె పుట్టింటివాళ్ళ వెట్టి. బుద్ధి తెలిసినప్పటినుంచి పెళ్ళయి వెళ్ళేదాకా రోజూ పొద్దున్నే కొడవలి పట్టుకొని పోయి మోపు కోసి, గడిలో పడేసి రావాలి. గుర్రం ముందర వేసి తలవంచుకొని వెనక్కి రావాలి తప్ప దాన్ని తాకకూడదు.

"నా తల మీద మోపుంటుండె. గుర్రమంటే నాకు కాళ్ళే ఎరుక బిడ్డా. మొకం ఎట్లుంటదో సూడలె. గా పాడు గడ్డి నా కొడుకింట్ల గూడ కొయ్యాల్నా?"

"నువ్వు కొయ్యకు అత్తమ్మా. మేం కోస్తం," అన్నాను.

అట్లాగే కోశాం. బడికి పోకముందు నేనూ, దవాఖాన నుంచి వచ్చాక ఆయనా. ఉలవలు మా దిక్కున బాగా పండుతాయి కనుక దాణాకు లోటు రాలేదు. కాని గుర్రం తింటే కదా. వచ్చిన నాటినుంచి దొడ్డిలో గోడ పొడుగునా అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు తిరగడమే దాని పని. తిరిగి తిరిగి నేల గుంటపడింది. ఉండుండి తల ఎత్తి పెద్దగా సకిలించేది. పక్కటెముకలు తేలాయి. మా ఆయన దాని పక్కన కూర్చొని బతిమాలేవాడు. పందెపు గుర్రాలు వరసగా కట్టేసిన మందలో పెరుగుతాయనీ, ఒంటరిగా ఎప్పుడూ ఉండలేదనీ చెప్పాడు. తెలిసి మాత్రం ఏం లాభం, రెండో గుర్రాన్ని ఎక్కడినుంచి తెస్తాం.

దీనికి మందు మా అత్తే చేసింది. చేసింది గుర్రం మీద ప్రేమతో కాదు, దాని అరుపు పడలేక. ఒకనాడు పాలు పిండుతుంటే గుర్రం మళ్ళీ సకిలించింది. బర్రె బెదిరి చెంబు తన్నింది, పాలన్నీ నేలపాలు. మా అత్త లేచి, కోపంగా బర్రె పలుపు విప్పి, లాక్కుపోయి గుర్రం పక్కనే గుంజకు కట్టేసింది.

"ఇద్దరు గలిసి మొత్తుకోండ్రి," అన్నది.

గుర్రం తిరగడం ఆపింది. మెడ సాచి బర్రెను ముట్టె నుంచి తోకదాకా వాసన చూసింది. బర్రె నెమరువేయడం ఆపలేదు. కాసేపటికి గుర్రం బర్రె వీపు మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది. మర్నాడు పొద్దునకల్లా గంపెడు గడ్డి ఖాళీ. ఆనాటినుంచి అవి రెండూ విడిగా ఉన్నది లేదు. బర్రె మేతకు పోతే గుర్రం కూడా దాని వెనకే పోవాలి. ఊళ్ళో వాళ్ళు అదేం చోద్యమని చూసేవాళ్ళు. నల్లని పొట్టి బర్రె ముందర, ఎర్రని పొడుగాటి గుర్రం వెనక, వాటికి పక్కన కర్ర పట్టుకొని, తనకేమీ సంబంధం లేనట్టు మొహం పెట్టుకొని మా అత్త.

కాలు నయం కావడానికి చలికాలమంతా పట్టింది. పొద్దునా సాయంత్రం వాగులో మోకాలిలోతు నీళ్ళలో నిలబెట్టి, తర్వాత మట్టి పట్టు వేసి గుడ్డ చుట్టేవాడు మా ఆయన. ఎండాకాలం మొదట్లో ఇక ఎక్కవచ్చన్నాడు. పట్నం నుంచి పాత జీను ఒకటి ఎవరితోనో తెప్పించాడు.

ఎక్కడం అనుకున్నంత సులువు కాలేదు. పందెపు గుర్రానికి నిలబడి ఎక్కించుకోవడం రాదు. అక్కడ అది నడుస్తూ ఉండగానే ఒకరు రౌతు కాలు పట్టి మీదికి ఎగరేస్తారట. ఇక్కడ ఎగరేసేవాళ్ళెవరు. మా ఆయన రికాబులో కాలు పెట్టేసరికి అది కదిలిపోయేది, ఆయన ఒంటికాలితో గెంతుతూ దొడ్డంతా తిరిగేవాడు. నేను నవ్వు ఆపుకోలేక పళ్ళెం అడ్డం పెట్టుకునేదాన్ని. చివరికి బావిగట్టు పక్కన నిలబెట్టి, ముందర బర్రెను కట్టి, బెల్లం ముక్క చూపిస్తే నిలబడింది. బెల్లం ముక్క పట్టుకున్నది మా అత్త. ఎప్పుడు మొదలుపెట్టిందో మాకు తెలియదు కాని, అప్పటికే ఆమె కొంగుముడిలో రోజూ బెల్లం ఉండేదని ఆనాడు బయటపడింది.

మా ఆయనకు గుర్రాల రోగాలు తెలుసు కాని స్వారీ అంతగా తెలియదు. మెట్ట చెలకల్లోకి పోగానే గుర్రం కొంచెం వేగం పెంచింది. ఈయన పగ్గాలు గుంజాడు. అది ఇంకా వేగం పెంచింది. ఈయన ఇంకా గట్టిగా గుంజాడు. అట్లా గుంజుతూ గుంజుతూ, మాకు కనిపించినంతమేర చెలకలు దాటి, ఒక ఆముదపు చేను అంచున మాయమయ్యాడు. కాసేపటికి గుర్రం ఒక్కటే బర్రెను వెతుక్కుంటూ తాపీగా వచ్చింది. ఆ వెనక చాలాసేపటికి మా ఆయన ఒంటినిండా ఆముదపాకులతో వచ్చాడు.

"నిలువలేదు," అన్నాడు.

"గుంజినవ?" అన్నాను.

"చేతులు తెగేటట్టు గుంజిన."

తర్వాత నాలుగైదుసార్లు ప్రయత్నించాడు. ప్రతిసారీ అదే తంతు. దెబ్బలు పెద్దగా తగల్లేదు కాని, దవాఖానకు కుంటుతూ పోతే ఎద్దులు తెచ్చిన రైతులు ముందు ఆయన కాలు సంగతి అడిగేవాళ్ళట.

నాకు ఎక్కాలని ఉండేది. మొదటినుంచీ ఉండేది. అడగడానికే జంకు. ఒకరోజు ఆయనకు భుజం పట్టేసి గుర్రాన్ని ఊరికే నడిపిస్తుంటే, "నేనెక్కుత," అన్నాను. ఆయన మా అత్త వైపు చూశాడు. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, "గా కుచ్చిళ్ళతోని ఎట్లెక్కుతవు? రా ఇటు," అని లోపలికి తీసుకుపోయింది. తన ముతక చీర తీసి, కుచ్చిళ్ళు కాళ్ళ మధ్యనుంచి వెనక్కి దోపి, నాట్లేసేటప్పుడు కట్టినట్టు గోచి పెట్టి కట్టింది. బడిపంతులమ్మనయ్యాక నేను గోచి కట్టడం మానేశాను. అట్లా కట్టుకొని నిలబడగానే కాళ్ళు తేలికైనట్టనిపించింది.

"పడితే మెత్తటి జాగ సూస్కోని పడు," అన్నది మా అత్త.

బావిగట్టు మీదినుంచి ఎక్కాను. అంత ఎత్తునుంచి చూస్తే ఊరు వేరేగా ఉంది. మా పెంకుల మీద ఆరబెట్టి మరిచిపోయిన మిరపకాయలు కూడా కనిపించాయి. చెలకల్లోకి రాగానే గుర్రం చెవులు ముందుకు నిక్కాయి. వేగం పెంచింది. నేనూ మా ఆయనలాగే పగ్గాలు గుంజాను. అది తల కిందికి వంచి, కళ్ళెం మీద బరువంతా వేసి, ఒక్కసారిగా దౌడు అందుకుంది.

అప్పటిదాకా నేను ఎక్కిన వాటన్నిటిలో వేగంగా పోయింది బస్సే. ఇది బస్సులాగా లేదు. గాలికి కళ్ళలో నీళ్ళు వచ్చి ఏమీ కనిపించలేదు. గిట్టల చప్పుడు ఒకటే. గుంజాను, ఏడ్చాను, ప్రార్థన మొదలుపెట్టి సగంలో మరిచిపోయాను. తంగేడు పొదలు, రాళ్ళగుట్టలు, మేకలమంద ఒకటి వెనక్కి పోయాయి. ఎంత దూరం పోయామో తెలియదు, చేతుల్లో పట్టు మాత్రం పూర్తిగా పోయింది. ఇక నావల్ల కాదని పగ్గాలు వదిలేసి దాని మెడజూలు పట్టుకున్నాను.

గుర్రం మెల్లబడింది. దౌడు పోయి దుల్కీ వచ్చింది, దుల్కీ పోయి నడక వచ్చింది, తర్వాత నిలబడిపోయి పక్కనున్న గరిక కొరకడం మొదలుపెట్టింది.

అక్కడే దాని మీద కూర్చొని చాలాసేపు ఆలోచించాను. మళ్ళీ పగ్గాలు అందుకొని కొంచెం బిగించి చూశాను. చెవులు నిక్కాయి, కదిలింది. వదిలేశాను. ఆగింది. మళ్ళీ బిగించాను. కదిలింది. దానికి నేర్పింది అదేనన్నమాట. పగ్గం బిగిస్తే ఉరకమని. ఇంతకాలం మా ఆయన దాన్ని ఆపాలని గుంజుతుంటే, ఇంకా తొందరగా ఉరకమంటున్నాడనుకొని పాపం తన శక్తికొద్దీ ఉరికింది.

తిరిగి వచ్చేటప్పుడు పగ్గాలు వదులుగా పట్టుకొని వచ్చాను. మా ఆయన ఎదురుగా పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. ఆయన వెనక మా అత్త, ఆమె వెనక పలుపు తెంచుకున్న బర్రె.

"దెబ్బలేమన్న తాకినయా?" అన్నాడు రొప్పుతూ.

"ఏం లేదు. మల్ల పోతున్న," అని వెనక్కి తిప్పాను.

ఆ ఎండాకాలమంతా అదే నా ధ్యాస. బడి లేని పూటల్లో గోచి కట్టుకొని చెలకల్లో తిరిగేదాన్ని. దూరం పోవాలంటే బర్రె కూడా రావాలి, లేకపోతే గుర్రం మాటిమాటికీ వెనక్కి తిరిగేది. కాబట్టి మా స్వారీ అంటే కొంత దూరం దౌడు తీసి, బర్రె వచ్చిందాకా నిలబడి, మళ్ళీ కొంత దూరం దౌడు తీయడం. మా ఆయన కూడా పగ్గాలు వదలడం నేర్చుకున్నాడు గాని, ఆయనకు భయం వేసినప్పుడల్లా చేతులు వాటంతటవే బిగుసుకునేవి. ఆముదపు చేను రైతుకు ఆయన బాగా పరిచయమయ్యాడు.

ఊళ్ళో గుసగుసలు లేకపోలేదు. పంతులమ్మ గుర్రమెక్కుతున్నదని ఎవరో చెప్పగా మా చర్చి అయ్యగారు ఇంటికి వచ్చారు. పెద్దమనిషి, మెల్లగా మాట్లాడతారు. మంచి చెడు అడిగి, మజ్జిగ తాగి, గొంతు సవరించుకున్నారు.

"సంఘంల నలుగురు నాలుగు తీర్ల అనుకుంటున్నరమ్మా," అన్నారు.

"ఏమనుకుంటున్నరయ్యగారు?"

"ఆడమనిషి గుర్రమెక్కుడేందని."

మా అత్త గడపలో కూర్చొని ఉంది. "గాడిదెక్కితే తప్పు లేదు గద అయ్యగారు, మీరే జెప్తిరి క్రిస్మస్ నాడు. మరియమ్మ గాడిదెక్కి పోయిందని," అన్నది.

అయ్యగారు లేచి దొడ్డిలోకి పోయి గుర్రాన్ని చూశారు. దాని మెడ నిమిరారు. పోయేముందు, చుట్టూ ఎవరూ లేరని చూసుకొని, "నడిపిస్తనే ఉంటే పడనియ్యది గద?" అని అడిగారు. ఆయన్ను ఎక్కించి, దొడ్డిలో రెండు చుట్లు తిప్పి దింపాం. ఆ తర్వాత సంఘంలో ఎవరూ ఏమీ అనలేదు.

వానలు మొదలయ్యే ముందు ఒక మధ్యాహ్నం మా అత్త గోచి బిగించుకొని బావిగట్టెక్కి నిలబడి ఉంది. గుర్రాన్ని తెచ్చి పక్కన నిలబెట్టాను. ఆమె నాకంటే తేలికగా ఎక్కింది. తాడు పట్టుకొని మెల్లగా నడిపించాను. వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులతో మెడజూలు పట్టుకొని కూర్చుంది. వాగుదాకా పోయి వచ్చాం.

"ఎట్లున్నదత్తమ్మా?" అన్నాను దింపేటప్పుడు.

"దీని చెవులు మస్తు ముద్దుగ, పావురంగ ఉన్నయే," అన్నది.

మరో వారానికి మూసీ అవతల తన తమ్ముని ఇంట్లో పెళ్ళికి పోవలసి వచ్చింది. బండి అవసరం లేదు, తను గుర్రం మీద వస్తానన్నది. ఆమె గుర్రం మీద, నేనూ మా ఆయనా నడుస్తూ, వెనక బర్రె. దారి పొడుగునా చేలలో పని చేసేవాళ్ళు నడుములెత్తి చూశారు. ఆమె అందరినీ పలకరించింది. తన ఊరు పొలిమేరలోకి రాగానే మాత్రం తనంతట తనే ఆపమని దిగింది. చీర సర్దుకొంది. గడి ముందునుంచి ఆమె చెప్పులు కూడా చేత పట్టుకొని నడిచింది. మేమూ అట్లాగే నడిచాం.

గడి అరుగు మీద దొర కూర్చొని ఉన్నాడు. గుర్రాన్ని చూసి చేయెత్తాడు.

"గా గుర్రమెవనిదిరా?"

"నాదే దొరా," అన్నాడు మా ఆయన.

"నీకు గుర్రమా? యాడ దొరికిందిరా గింత జాతిది?"

"పట్నంల నవాబు సాబిచ్చిండు దొరా. కాలు చెడ్డదని."

దొర లేచి వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. పళ్ళు చూశాడు. కాలు తడిమాడు. "బాగనే ఉన్నది. ఈడ కట్టేసి పో," అన్నాడు.

మా ఆయన ముఖంలో నెత్తురు లేదు. ఆ ఊళ్ళో ఆ మాటకు ఎదురులేదు. సర్కారు నౌకరీ అక్కడ దేనికీ కొరగాదు. పెళ్ళి ఇంటివాళ్ళు ఆ మనిషి భూమి మీదే బతకాలి. ఏమైనా అంటే తనవాళ్ళకేమవుతుందోనని మా అత్త వైపు చూశాను. ఆమె తల వంచుకొని, చేతులు కట్టుకొని నిలబడింది.

"నీ బాంచెన్ దొరా, బర్రెను తోల్కపోమంటరా?" అన్నది.

"బర్రె నాకెందుకే? తోల్కపో," అని నవ్వాడు దొర.

పెళ్ళిలో ఎట్లా కూర్చున్నామో, ఏం తిన్నామో నాకు గుర్తు లేదు. మా అత్త అక్షింతలు వేసి, అన్నం రెండు ముద్దలు తిని, పొద్దుండగానే లేచింది. బర్రె పలుపు పట్టుకొని మమ్మల్ని తొందరపెట్టింది. గడివైపు పోకుండా ఊరి వెనక బాట పట్టించింది.

"జల్ది నడువుండ్రి," అంటూ ముందు తనే నడిచింది. మేము ఏటి ఇసుకలోకి దిగుతుండగా వెనకనుంచి గుర్రం సకిలింపు వినబడింది. పెద్దగా, ఆగకుండా. నాకు ఏడుపు వచ్చింది. మా ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు. బర్రె కూడా ఒకసారి వెనక్కి తిరిగి అరిచింది. మా అత్త దాన్ని ముందుకు గుంజింది.

ఏరు దాటాక మా ఆయన ఆగి, "అమ్మా, బర్రె లేకుంటె అది గడ్డి ముట్టది. గా మాటన్న దొరకు జెప్పకపోతివి," అన్నాడు.

"అడిగిండా?" అన్నది మా అత్త.

ఆమె ముఖంలో దుఃఖం లేదు. మేము ఇల్లు చేరేదాకా ఏదో లెక్క వేసుకుంటున్నట్టు నడిచింది. ఇంటికి రాగానే గంపలో ఉలవలు నానేసింది.

"ఎవరికి?" అన్నాను.

"వస్తది గద, ఆకలితోని," అన్నది.

వచ్చింది. మూడోనాటి పొద్దు వాలకముందే గడి మనుషులిద్దరు చెరోవైపునుంచి పొడుగాటి తాళ్ళు పట్టుకొని, వీలైనంత దూరంగా నడుస్తూ గుర్రాన్ని తీసుకువచ్చారు. ఒకని చేతికి పసుపు కట్టు ఉంది. దొడ్డి కనబడగానే గుర్రం వాళ్ళిద్దరినీ లాక్కుంటూ బర్రె దగ్గరికి పోయి, దాని వీపు మీద గడ్డం పెట్టింది.

"అవ్వా, దీనికి దయ్యం పట్టింది," అన్నాడు కట్టున్నవాడు. "తలుపు చెక్కలు పలగ్గొట్టింది. దాణా తొట్టి తన్నింది. దీన్ని జూసి గడిల గుర్రాలన్ని మొత్తుకునుడు వట్టినయ్. దొర, దొరసాని కండ్లు మూస్తే ఒట్టు."

"దొరేమన్నడు బిడ్డా?" అన్నది మా అత్త.

"తెచ్చినోనికే అప్పజెప్పి రాండ్రన్నడు. మల్ల గడి ముంగటికి తేవొద్దన్నడు."

"అయ్యో పాపం," అన్నది మా అత్త చాలా శ్రద్ధగా. వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి, బర్రెపాల మజ్జిగ కడుపునిండా పోసి పంపింది. వాళ్ళు మూల తిరిగినాక లోపలికి వచ్చి, పీట మీద కూర్చొని, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నేను ఆమె అట్లా నవ్వగా చూడడం అదే మొదలు.

ఆ మరుసటి ఏడు బర్రె ఈనింది. దూడను చూసుకోవాలి గాని గుర్రానికి తోడుగా బర్రెను ఊరంతా తిప్పనని మా అత్త ఖరాఖండిగా చెప్పింది. నవాబుగారి దగ్గర ఇంకో ముసలి గుర్రం పందేలు మాని ఖాళీగా ఉందంటే మా ఆయన పోయి దాన్ని, దాని పాత జీనును కూడా తెచ్చాడు. బూడిదరంగు మగగుర్రం. ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టుండేది. ఒకప్పుడు చాలా పందేలు గెలిచిందని చెబితే నమ్మబుద్ధి కాదు. పగ్గాలు గుంజినా వదిలినా దానికి ఒకటే, తనకు తోచినప్పుడు నడిచేది, తోచినప్పుడు ఆగేది. మా ఆయనకు అది సరిగ్గా సరిపోయింది. ఆయన దానిమీద, నేను ఎర్రదాని మీద, సాయంత్రాలు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ పోయేవాళ్ళం. పెళ్ళయిన కొత్తలో మాట్లాడుకోని మాటలన్నీ ఆ గుర్రాల మీదనే మాట్లాడుకున్నాం.

మాకు తర్వాత పాలమూరు బదిలీ అయింది. గుర్రాలు కూడా వచ్చాయి, బర్రె కూడా వచ్చింది. రజాకార్ల గొడవలు ముదిరిన ఏడాది దొడ్డి దాటి స్వారీ చేసింది లేదు. ఎర్రది పాలమూరులోనే, చాలా ముసలిదై, ఒక పగటిపూట ఎండలో పడుకొని లేవలేదు. అవన్నీ తర్వాతి సంగతులు. హుజూర్‌నగర్ రోజులనుకోగానే నాకు గుర్తొచ్చేది మాత్రం మేము కృష్ణ ఒడ్డుకు పోయిన రోజు.

నందికొండ దాకా పోదామని మా ఆయన అన్నాడు. గుర్రాలు ఒప్పుకున్నా మా అత్త ఒప్పుకోలేదు. దగ్గరి రేవుకే పోయాం. ఆమె మూటలో సద్దన్నం, పచ్చిపులుసు, వేయించిన చేపలు కట్టుకొని మా ఆయన వెనక బూడిదగుర్రం మీద కూర్చుంది. చలికాలం, ఏట్లో నీళ్ళు తగ్గి ఇసుక మైలు పొడుగునా తెల్లగా పరచుకొని ఉంది. అంత మెత్తటి నేల చూడగానే ఎర్రదానికి ఆగబుద్ధి కాలేదు. పగ్గం బిగించాను. నీటి అంచువెంట దౌడు తీసింది. కొంగలు లేచిపోయాయి. వెనకనుంచి మా ఆయన కేక వినబడి చూస్తే, ఏమనుకుందో ఏమో, ఆ ముసలి బూడిదగుర్రం కూడా మెడ సాచి ఉరికివస్తున్నది. మా ఆయన జీను కొమ్ము పట్టుకున్నాడు. ఆయన నడుము పట్టుకొని మా అత్త, ఆమె చంకలో సద్దిమూట.

"పగ్గాలిడువురా, పగ్గాలిడువు," అంటున్నది ఆమె.

"ఇడిచిననే అమ్మా, ఇది గా జాతి గాదు," అంటున్నాడు ఆయన.

అది తనకు తోచినప్పుడే ఆగింది. ఎవరూ పడలేదు. పచ్చిపులుసు మాత్రం మా ఆయన వీపంతా పోయింది. ఆయన నీళ్ళలో మునిగి వచ్చాక, ఇసుకలో కూర్చొని ఉత్త అన్నం చేపలతో తిన్నాం. ఎండ వెచ్చగా ఉంది. మా అత్త కాళ్ళు చాపుకొని ఏరును చూస్తూ ఉండిపోయింది. మేము చూడనప్పుడు ఎర్రది చెమటకు దురదపుట్టి, జీనుతో సహా ఇసుకలో పడి నాలుగు కాళ్ళు పైకెత్తి దొర్లింది. జీను లోపలి చెక్క ఫట్‌మని విరిగింది. లేచి ఇసుక దులుపుకొని, ఏమీ ఎరగనట్టు నావైపు చూసింది.

సద్దిమూట కట్టి తెచ్చిన గోనెసంచి ఎర్రదాని వీపు మీద వేసి, విరిగిన జీను మా అత్త ఒళ్ళో పెట్టుకోగా, ఇంటిదారి పట్టాం. జీను లేక దారంతా గుర్రం వీపు ఎముక గుచ్చుకొని మర్నాడు నేను బడిలో నిలబడే పాఠం చెప్పాను.